స్విచ్‌బోర్డులు చూడ్డానికి హైదరాబాదు వెళ్లొచ్చాం

తిరిగొచ్చి మూడు రోజులైంది. చెప్పుల అడుగున సున్నం ఇంకా వదల్లేదు. మరిచిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

నేను ఇంటీరియర్ డిజైనర్ని. రాజమండ్రిలో పద్నాలుగేళ్లుగా ఇదే పని. ఎక్కువగా అపార్ట్‌మెంట్లు, అప్పుడప్పుడూ బట్టల షాపులు. ఈమధ్య గోదావరి ఒడ్డునే ఉన్న ఓ చిన్న ఊళ్లో పాత టౌన్‌హాలు బాగుచేసే పని వచ్చింది. "లోపల అందంగా చెయ్యండమ్మా, మీటింగులకీ పెళ్లిళ్లకీ పనికొచ్చేలా" అన్నారు కమిటీవాళ్లు. నాకు సంతోషం కంటే టెన్షన్ ఎక్కువైంది. ఎందుకంటే తొమ్మిదేళ్ల కిందట ఇలాంటిదే ఒక పాత రీడింగ్ రూము నా చేతిలో పాడైంది. గోడలకు గాడులు కొట్టించి వైర్లన్నీ లోపల దాచాను. పాత సున్నం పూత గీకించి సిమెంటు పెట్టించి, దానిమీద పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వేయించాను. టేకు దూలాలు కనబడకుండా జిప్సం ఫాల్స్ సీలింగ్ కట్టించి, చుట్టూ పసుపు లైట్లు పెట్టించాను. ప్రారంభోత్సవం రోజు నాకు శాలువా కప్పారు. రెండో వర్షాకాలానికి గోడలు బొబ్బలెక్కి పుట్టీ రేకులు రేకులుగా ఊడింది. ఒక రాత్రి సీలింగులో సగం కూలింది. లోపల ఎవరూ లేని వేళ కాబట్టి సరిపోయింది.

అప్పుడు నాతో పనిచేసిన తాపీ మేస్త్రి వీర్రాజు గారే ఇప్పుడూ ఉన్నారు. అరవై దాటాయి. అప్పట్లో సీలింగు డ్రాయింగ్ చూపిస్తే ఆయన ఒకే మాటన్నారు. "నీళ్లెటు పోతాయమ్మా?" నేను దాన్ని ప్రశ్న అనుకోలేదు. ముసలాయన గొణుగుడు అనుకున్నాను.

ఈసారి కమిటీకి ఎస్టిమేటు ఇచ్చేముందు ఆయన్ని వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్లాను. అక్కడ పాత భవనాల లోపల ఎవరేం చేశారో చూడాలి. మరీ ముఖ్యంగా స్విచ్‌బోర్డులు ఎక్కడ పెట్టారో చూడాలి. నవ్వకండి. పాత గోడలోకి కరెంటు ఎలా వస్తుందో తేలితే సగం డిజైన్ తేలినట్టే.

బుధవారం, కోఠి

పొద్దున్నే ఇరానీ హోటల్లో మొదటి తగాదా. చాయ్ ఇరవై రూపాయలు, అదీ ఇంత చిన్న కప్పులో. "గుక్కెడు కూడా లేదండీ, సాసరు నింపడానికే చాలదు" అన్నారు మేస్త్రి గారు. ఉస్మానియా బిస్కెట్ కొరికాక మెత్తబడ్డారు. తియ్యగా ఉందా ఉప్పగా ఉందా తేల్చుకోవడానికి ఇంకో రెండు తిన్నారు.

కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. 1949 నుంచీ అక్కడ ఆడపిల్లల కాలేజీయే. కట్టడం మొదలైంది 1803లో. కట్టించినవాడు అప్పటి రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ వాళ్ల ప్రతినిధి, జేమ్స్ అకిలీజ్ కిర్క్‌ప్యాట్రిక్, గీసినవాడు మద్రాసు ఇంజినీర్లలోని శామ్యూల్ రస్సెల్. ఇరవై ఒక్క మెట్లు, రెండు పక్కలా రెండు సింహాలు, పైన ఆకాశానికి ఆనినట్టుండే స్తంభాలు. మేస్త్రి గారు మెట్లు లెక్కపెడుతూ ఎక్కి, ఒక స్తంభాన్ని వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి ఆనించి విన్నారు. గోడ ఏదైనా ఆయన పలకరింపు ఇదే. లోపల పూత పట్టుతప్పితే డొల్ల శబ్దం వస్తుంది. "గట్టిగానే ఉందండి" అని సర్టిఫికెట్ ఇచ్చారు.

ఈ ఇంటి గురించి ఒక కథ చెబుతారు. స్థలం కోసం కిర్క్‌ప్యాట్రిక్ పెద్ద కాగితం మీద ప్లాను గీసి తీసుకెళితే నిజాం ససేమిరా అన్నాడట. దర్బారులో ఒకాయన సలహా మీద, అదే ప్లానును అరచేతిలో పట్టే చిన్న అట్టముక్క మీద గీసి చూపిస్తే వెంటనే ఒప్పుకున్నాడట. అంత కాగితం నింపింది కాబట్టి రాజ్యంలో సగం అడుగుతున్నాడనుకున్నాడని ముక్తాయింపు. నిజమో కాదో గానీ, క్లయింట్లకు డ్రాయింగులు చూపించి బతికేదాన్ని కాబట్టి నాకు నమ్మబుద్ధేసింది. తోటలో ఇంకో ముచ్చట ఉంది. పరదాలో ఉండే తన భార్య ఖైరున్నీసా చూడ్డానికని కిర్క్‌ప్యాట్రిక్ ఈ భవనానికే చిన్న నమూనా కట్టించాడంటారు. మనం ఇప్పుడు కంప్యూటర్లో చేసే త్రీడీ వ్యూ ఆయన ఇటుకల్తో చేసిపెట్టాడన్నమాట.

దర్బారు హాల్లోకి వెళ్లాక మాత్రం నాకు మాట రాలేదు. రెండంతస్తుల ఎత్తు. తలెత్తితే రంగులద్దిన కప్పు, పూలూ తీగలూ. అది చెక్కా కాదు, సున్నమూ కాదు, కాగితపు గుజ్జు. కాగితాన్ని నానబెట్టి, జిగురు కలిపి, అచ్చుల్లో ఒత్తి, ఆరబెట్టి పైకెక్కించిన కప్పు. చెమ్మ తగిలి చాలా దెబ్బతింది. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో ఈ భవనాన్ని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2002లో చేర్చింది. ఆ తర్వాత బాగుచేయడానికి ఇంచుమించు ఇరవై ఏళ్లు పట్టి, 2023 జనవరిలో తలుపులు తెరిచారు.

నా జిప్సం బోర్డు రెండు వర్షాలకు ఓడింది. ఇక్కడ కాగితం నిలబడింది. మేస్త్రి గారికి ఇది కాగితమని చెబితే ముందు నమ్మలేదు. తర్వాత చాలాసేపు కప్పుకేసి కాక, కప్పు గోడను కలిసే అంచుకేసి చూస్తూ నిలబడ్డారు.

"ఏం చూస్తున్నారు?"

"పైకప్పు బాగుచేసి ఉంటారండి ముందు. లేకపోతే ఈ కాగితం ఎప్పుడో పులుసైపోయేది."

గది చూపించిన అటెండరమ్మ అక్కడే చదువుకున్నారట. "మా టైములో ఈ హాల్లో పావురాలుండేటియి. క్లాసు నడుస్తుంటే నోట్సు మీద పడేది" అని నవ్వింది. ఏం పడేదో మేము అడగలేదు. మెట్ల గది గురించి ఆమె ఇంకో మాట చెప్పింది. అక్కడ ఫొటో దిగకుండా ఏ బ్యాచీ కాలేజీ దాటలేదట. నేనూ దిగాను. మేస్త్రి గారు తీశారు. నా తల లేదు, రెయిలింగు బాగా వచ్చింది.

సాయంత్రం చాట్ తిన్నాం. ఆయనకు నచ్చలేదు. "బఠాణీల్లో పెరుగేంటండీ" అని ఒక్కటే గొడవ.

గురువారం, జుమేరాత్ బజార్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా

ఉర్దూలో జుమేరాత్ అంటే గురువారం. పురానాపూల్ దగ్గర ఆ రోజు సాగే పాత సామాన్ల సంత అది. తలుపు గొళ్లేలు, విరిగిన కుట్టుమిషన్లు, ఒంటి చెప్పులు, టేకు కిటికీలు, ఎవరి పెళ్లిదో ఇత్తడి గంగాళం. డబ్బు జేబు ముందు వైపుకు మార్చుకోమని ఆటో ఆయన ముందే హెచ్చరించాడు. ఒక మూల గుడ్డ మీద నేను వెతుకుతున్నవి కనబడ్డాయి. గుండ్రటి పింగాణీ అడుగు మీద ఇత్తడి మూతల స్విచ్చులు, పింగాణీ ఫ్యూజులు, టేకు చెక్క స్విచ్‌బోర్డులు, వాటితో పాటు రెండు మూరల బద్దీ, దానికి ఇంకా తగరపు క్లిప్పులు అలాగే ఉన్నాయి.

నలభైలోపు వాళ్లకు బద్దీ వైరింగ్ తెలియకపోవచ్చు. గోడలో అక్కడక్కడా చిన్న చెక్క ముక్కలు దిగ్గొట్టి, వాటిమీద సన్నటి టేకు బద్దీ మేకులతో బిగించి, దానిమీద వైరు పరిచి క్లిప్పులతో పట్టేవారు. పాత స్కూళ్లలో, తాలూకా ఆఫీసుల్లో గోడ పొడుగునా కనబడేది అదే. రీడింగ్ రూములో నేను "ఛీ, ఎంత అసహ్యంగా ఉంది" అని పీకించి పారేయించింది కూడా అదే. ఆ సంతలో దుమ్ములో గొంతుక్కూర్చుని ఆ బద్దీని చేతిలో తిప్పుతుంటే నాకు వెలిగింది. అది గోడను కొయ్యలేదు. అక్కడక్కడా చెక్క ముక్క పట్టే కన్నం తప్ప గోడకు ఏ దెబ్బా తగల్లేదు. రేపు వైరు పాడైతే బద్దీ విప్పి మార్చుకోవచ్చు. నేను దాచిన వైరు కోసం మాత్రం కటింగ్ మిషనుతో గోడను అంగుళంన్నర లోతు చీల్చాను. సున్నపు గోడలో అలా చీల్చిన చోటల్లా సిమెంటుతో పూడ్చాను. సున్నం చెమ్మను పీల్చి మళ్లీ గాలికి వదులుతుంది, సిమెంటు వదలదు. చెమ్మ ఆ అతుకుల పక్కనే చేరి, ఉప్పు తేలి, పూత రాలింది. బొబ్బలన్నీ గాడుల వెంటే ఎందుకు లేచాయో తొమ్మిదేళ్ల తర్వాత జుమేరాత్ బజార్‌లో అర్థమైంది.

పద్నాలుగు స్విచ్చులు, ఒక బోర్డు, ఆ బద్దీ ముక్క కలిపి వెయ్యి చెప్పాడు. నేను ఐదొందలన్నాను. "నక్కో అమ్మా" అని మొహం తిప్పుకున్నాడు. మేస్త్రి గారు హిందీ రాకపోయినా రంగంలోకి దిగి, ఒక్కో స్విచ్చూ చెవి దగ్గర పెట్టి టిక్కు టిక్కుమనిపించి, పలకనివి పక్కన పడేశారు. పలికినవి ఐదు. బేరం ఆరొందల యాభైకి కుదిరింది, పలకనివి కూడా ఇచ్చేశాడు. (వీటిలోకి కరెంటు ఎక్కించను, కంగారుపడకండి. గోడ మీద బోర్డు ఎంత ఎత్తుగా ఉంటే కంటికి ఇబ్బంది కాదో చూడ్డానికి తెచ్చాను. అలాంటి కొత్త స్విచ్చులు చేసేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు.)

మధ్యాహ్నం అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది, మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1930ల్లో వచ్చింది. చూడాల్సింది భవనమైనా, నేను చూసింది పిల్లల్ని. గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ పరీక్షలకీ చదివేవాళ్లు. ఖాళీ కుర్చీ లేదు. ఎక్కడ ప్లగ్గు ఉంటే అక్కడ గుంపు. పక్కన కూర్చున్న ఒకమ్మాయిని అడిగాను, ఈ హాల్లో నీకు ఏం కావాలని. తల ఎత్తకుండానే చెప్పింది. "ఫ్యాను, ప్లగ్గు, మంచినీళ్లు అక్కా. ఇంకేం వద్దు." నా కమిటీ పెళ్లిళ్లంటోంది. ఆ ఊళ్లో కూడా ఇలాంటి పిల్లలుంటారు కదా, వాళ్లను ఎవరూ అడగలేదు. ఇది నోట్ చేసుకున్నాను.

అక్కణ్ణుంచి వస్తూ ఇంకో పాత భవనంలోకి తొంగిచూశాం. పేరు రాయను. అచ్చం నేను చేసినట్టే చేశారు. షాబాదు బండల మీద మెరిసే టైల్సు అంటించారు, తలుపులు కింద గీసుకుంటున్నాయి. కమాను మధ్యలోంచి లామినేట్ పార్టిషన్ పోయింది, కమాను సగం ఒక ఆఫీసరుది, సగం ఇంకో ఆఫీసరుది. ఏసీ నీటి గొట్టం గోడ మీదికే వదిలారు. దాని కింద పచ్చటి నాచు చక్కగా పెరుగుతోంది. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది.

చీకటిపడ్డాక మొజంజాహీ మార్కెట్. నిజాం రెండో కొడుకు పేరు మీద 1935లో కట్టిన రాతి మార్కెట్. కొన్నేళ్ల కిందటి దాకా రేకుల పందిళ్లు, కేబుళ్లు, బోర్డుల వెనక రాయి కనబడేది కాదు. వాటిని తీసి, శుభ్రం చేసి 2020 ఆగస్టులో తెరిచారు. ఇక్కడ ఇంటీరియర్ అంటే చాలావరకు తీసెయ్యడమే. రాళ్ల మధ్య కుర్చీలో కూర్చుని చేత్తో తిప్పిన సపోటా ఐస్‌క్రీమ్ తిన్నాం. మేస్త్రి గారికి గురువారం బాబా, మాంసం తినరు. ఐస్‌క్రీమ్‌కి బాబా అడ్డు చెప్పలేదని రెండోది కూడా తిన్నారు.

శుక్రవారం, దారి తప్పిన రోజు

చౌమహల్లా ప్యాలెస్‌కి బయల్దేరాం. ఆటోలో చార్మినార్ దాకా వచ్చాక డ్రైవరు అద్దంలోంచి చూస్తూ అన్నాడు. "ఇయ్యాల శుక్రవారం గదమ్మా, చౌమహల్లా బందుంటది. సాలార్‌జంగ్ గూడ బందే."

"మరి ఎక్కేటప్పుడు చెప్పలేదేం?"

"మీరు ఏడికి పోవాలెనో చెప్పిన్రు. లోపలికి పోవాలెనని చెప్పలే."

జవాబు లేదు. శుక్రవారం సెలవని ముందే చూసుకోవాల్సింది నేను. పైగా మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ దగ్గరపడుతోంది, రోడ్డంతా జనం. మేస్త్రి గారికి ఇది వరమైంది. శనివారం వెంకన్న, గురువారం బాబా పోగా మిగిలిన మంచి రోజు ఇదేనని ముందే ఎదురుచూస్తున్నారు. పదకొండున్నరకే బిర్యానీ. ఇద్దరికీ కలిపి ఐదొందల ఎనభై. "ముక్క బాగానే ఉందండి, కారమే మర్చిపోయారు" అన్నారు. ఎసరు నీళ్లలా ఉందన్న మిర్చీ సాలన్‌ను మాత్రం మూడుసార్లు అడిగి వేయించుకున్నారు.

తర్వాత పాయిగా (నిజాంల కొలువులోని గొప్ప జాగీర్దారు కుటుంబం) సమాధులకు వెళ్దామనుకున్నాం. సంతోష్‌నగర్ వైపు, పిసల్‌బండ సందుల్లో ఉంటాయి. ఫోను మ్యాపు ఒక గోడ ముందు నిలబెట్టి చేరుకున్నారంది. అటు తిరిగి ఇటు తిరిగి, ఒకావిడ మిద్దె మీంచి చెయ్యి ఊపి చూపించిన సందులో దూరితే, అక్కడ సమాధులు లేవు గానీ దార్లో తెల్లటి కుప్ప ఉంది. మేస్త్రి గారు గుప్పెడు తీసి వేళ్ల మధ్య నలిపి, "సున్నం" అన్నారు, చుట్టాన్ని చూసినట్టు.

ఓ పాత దేవిడీ, అంటే నవాబుల కాలంనాటి పెద్ద భవంతి, బాగుచేస్తున్నారు. లోపల పరంజా, గోనె పట్టాలు కప్పిన గోడలు, మూల రెండు నీలం డ్రమ్ములు. పని చేయిస్తున్నది పాలమూరు జిల్లా నుంచి వచ్చిన పెద్ద మేస్త్రి. మేము ఎందుకొచ్చామో చెప్పగానే కుర్చీ వేయించి, ముందు నీళ్లు, తర్వాత చాయ్ తెప్పించాడు. ఇక ఇద్దరు మేస్త్రిలూ గంటన్నర నన్ను మర్చిపోయారు. సగం సేపు పేర్ల దగ్గరే ఆగిపోయారు. మావాళ్లు తాపీ అనేదాన్ని ఆయన కర్నీ అంటాడు. మా ప్లాస్టరింగ్ ఆయన గిలాబు. ఈయన డంగు సున్నం అంటే ఆయన గచ్చు అన్నాడు. కానీ డ్రమ్ము మూత తీయగానే ఇద్దరూ ఒకేసారి ముక్కు పెట్టి ఒకేసారి తలాడించారు.

డ్రమ్ములో ఉన్నది కరక్కాయలు దంచి బెల్లంతో నానబెట్టిన నీళ్లు. పులిసి, కల్లు దుకాణం పక్కన నిలబడ్డట్టు వాసన. ఆ నీళ్లతో సున్నం కలుపుతారు. దానికి మారేడు పండు గుజ్జు, మినప్పిండి కూడా చేరుస్తారు. చివరి పూతకు కోడిగుడ్డు తెల్లసొన, ఆ తర్వాత నున్నటి రాయితో రుద్దుడు. మెరుపు రంగుతో కాదు, ఆ రుద్దుడుతో వస్తుంది. కాల్చిన సున్నపురాయిని నీళ్లు పోసి వారాల తరబడి మగ్గబెట్టాలి. తొందరపడి వాడితే ఆరిన గోడ మీద చిన్న చిన్న పొక్కులు పేలతాయి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయి అవుతుంది. అందుకే ఒకేసారి మందంగా వెయ్యకూడదు, పల్చటి పొరలు, ఒక్కోదానికీ తడి, ఒక్కోదానికీ గడువు. "రోజుకు ఎంత అవుతుంది?" అని నేనడిగితే ఆయన అడుగుల లెక్క చెప్పకుండా, "జల్దీ గావాలంటే సిమెంటోన్ని పిలుసుకో బిడ్డా" అన్నాడు.

లోపలి గదిలో రంగుల కిటికీ చూపించాడు. గోడ మీద బెత్తెడు చదరం, అందులో ఒక్కో పొరా ఒక్కో అంచుగా గీకారు. పైన ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, దాని కింద నీలం డిస్టెంపర్, దాని కింద మూడు రకాల తెలుపు, అట్టడుగున లేత గులాబీ. సర్జన్లు వాడే సన్నటి కత్తితో రోజంతా గీకితే వచ్చిన చదరం అది. నేను ఇన్నేళ్లూ రంగుల క్యాటలాగు తెరిచి క్లయింట్ల ముందు పెట్టాను. ఇక్కడ క్యాటలాగు గోడలోనే ఉంది.

వైరింగ్ మాట నేనెత్తాను. "గోడ గొయ్యనియ్యలే" అన్నాడు ఒక్క ముక్కలో. వైర్లు కప్పు కింది కార్నిస్ అంచు మీదుగా తిప్పారు, కింద నిలబడి చూస్తే కనబడవు. కిందికి దిగాల్సిన చోట తలుపు చట్రం వెంబడి చెక్క పట్టీలో దించారు. స్విచ్‌బోర్డు చట్రం పక్కనే, గోడ పైన, దాచకుండా. నేను ఫొటోలు తీస్తుంటే కూలికి వచ్చిన కుర్రాడు పక్కవాడితో, "అక్క గోడను ఇడిసిపెట్టి బోర్డు ఫోటో దీస్తుందేందిరా" అనడం వినబడింది.

వచ్చేస్తుంటే పెద్దాయన మా టౌన్‌హాలు ఫొటోలు చూపించమన్నాడు. ఫోనులో తిప్పాను. గోడలూ కమానులూ చూడకుండా ఒక ఫొటో పెద్దది చేసి, పైకప్పు మూల మీద వేలు పెట్టాడు.

"నీళ్లు ఏడ వోతయమ్మా?"

నేను వీర్రాజు గారి వైపు చూడలేదు. ఆయనా నా వైపు చూడలేదు. తల పక్కకు తిప్పి తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు, నవ్వు దాచుకోడానికని నాకు తెలుసు.

పాయిగా సమాధులు తర్వాతి సందులోనే ఉన్నాయి. సున్నంతో లేసు అల్లినట్టున్న జాలీలు, పూలు, పళ్లు. ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు సున్నంతోనే బాగుచేశారు. వెలుగు తగ్గిపోయేదాకా కూర్చున్నాం. మామూలు రోజైతే దీని గురించే రెండు పేజీలు రాసేదాన్ని. కానీ ఆరోజు నా ముక్కులో ఇంకా కరక్కాయ నీళ్ల వాసనే ఉంది.

శనివారం, చౌమహల్లా, బాద్‌షాహీ అషుర్‌ఖానా

ఈసారి గేటు తెరిచే ఉంది. చౌమహల్లా 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ కాలంలో మొదలై, అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857-69 మధ్య పూర్తయింది. ఆసఫ్ జాహీల, అంటే నిజాంల, దర్బారు ఇక్కడి ఖిల్వత్ అనే హాల్లో జరిగేది. పందొమ్మిది బెల్జియం షాండిలియర్లు. జనమంతా వాటికింద సెల్ఫీలు దిగుతుంటే మేస్త్రి గారు వాటిని వేలాడదీసిన గొలుసులు చూస్తూ, "బరువు సున్నం మీద లేదండి, పైన దూలం మీదుంది" అన్నారు. నిజాం వంశపు కోడలు రాణీ ఎస్రా పూనుకుని, రాహుల్ మెహ్రోత్రా అనే ఆర్కిటెక్టుతో ఈ ప్యాలెస్‌ను బాగుచేయించారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డుల్లో మెరిట్ వచ్చింది. నాకు నచ్చింది, ఖిల్వత్‌ను మరీ నింపేయకపోవడం. పాలరాతి సింహాసనపు గద్దె, దీపాలు, మిగతాదంతా ఖాళీ. నాలాంటి వాళ్లకు అంత ఖాళీ ఇస్తే సోఫాలూ కుండీలూ పెట్టకుండా ఉండలేం. ఫలక్‌నుమా కూడా చూడాలనుంది గానీ, నూట ఒక్కమంది కూర్చునే భోజనాల బల్ల ఉన్న ఆ హోటల్లో మా ఇద్దరికి టీ నీళ్ల ఖర్చు వింటే మేస్త్రి గారు ఒక బస్తా సున్నం లెక్క చెప్పారు. వద్దనుకున్నాం.

మధ్యాహ్నం పత్తర్‌గట్టి దగ్గర బాద్‌షాహీ అషుర్‌ఖానా, అంటే మొహర్రంలో షియాలు సంతాపం జరుపుకునే చోటు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1590ల్లో కట్టించినది. చెప్పులు బయట విడిచాం, నేను చున్నీ తలమీదికి లాక్కున్నాను. మేస్త్రి గారు అడక్కుండానే తువ్వాలు తలకు కట్టుకున్నారు. ఒక పెద్దాయన తల ఊపి లోపలికి రమ్మన్నాడు. బయటి హాలు ఆసఫ్ జాహీల కాలంలో చేర్చినది, ఎత్తైన చెక్క స్తంభాలు. లోపలి గోడల మీద పసుపు, నీలం, పచ్చ మెరుగు పెంకుల పని. నాలుగు వందల ఏళ్లు దాటినా నిన్న కడిగినట్టుంది.

అయితే కిందకు వచ్చేసరికి ఏదో తేడా కొట్టింది. అదే నగిషీ, అవే రంగులు, కానీ మెరుపు లేదు. దగ్గరికెళ్తే పెంకులు కాదు, రంగుతో వేసిన బొమ్మలు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరు ముంచినప్పుడు ఈ కింది పెంకులు దెబ్బతిన్నాయి. తర్వాత ఆ మేరకు రంగులతో పూరించారు. మేస్త్రి గారు గోడకు జానెడు దూరంలో చెయ్యి గాల్లో పెట్టి, పెంకు ఆగి రంగు మొదలైన గీత వెంబడి మెల్లగా నడిచారు.

"ఇక్కడిదాకా వచ్చాయండీ నీళ్లు."

మనిషి తల కంటే ఎత్తు. మా ఇద్దరికీ గోదావరి వరద గీతలు తెలుసు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రాత్రులు తెలుసు. ఆ గీత దగ్గర చాలాసేపు నిలబడ్డాం. నకిలీ పెంకులు అంటించి ఉంటే అది తెలిసేది కాదు. రంగు వేసినవాడు కావాలని అలా వదిలాడో, డబ్బుల్లేక వదిలాడో గానీ, పాతది ఎక్కడ ఆగిందో కొత్తది ఎక్కడ మొదలైందో చంటిపిల్లాడు కూడా చెప్పగలడు.

బయటికొస్తుంటే తలుపు పక్కన చిన్న స్విచ్‌బోర్డు ఉంది. మామూలుది, తెల్లది. నేను చూశాను. మేస్త్రి గారు నేను చూడడం చూసి, "ఇంక చాల్లెండమ్మా, రైలు తప్పిపోద్ది" అన్నారు.

ఇంటి దగ్గర

ఖర్చు మొత్తం ఇద్దరికీ పదకొండు వేల చిల్లర, అందులో స్విచ్చులు ఆరొందల యాభై. నిన్న కమిటీకి కొత్త ఎస్టిమేటు ఇచ్చాను. మొదటి పేజీలో పైకప్పు వాలు, వాననీటి గొట్టాలు, గోడ చుట్టూ కాలువ. సీలింగు లేదు, దూలాలు కనబడతాయి. వైర్లు కూడా. ప్రెసిడెంటు గారు పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి, "ఇందులో ఇంటీరియర్ ఎక్కడుందమ్మా?" అన్నారు. హాలుకు ఒక పక్క పిల్లలు చదువుకోడానికి బల్లలు, ఒక్కో బల్లకూ ప్లగ్గు పెట్టిన డ్రాయింగు చూపించాను. ఇంకా ఒప్పుకోలేదు. సోమవారం మళ్లీ రమ్మన్నారు.

వాళ్లు ఒప్పుకున్నారో లేదో కనుక్కోకుండానే వీర్రాజు గారు తన పెరట్లో డ్రమ్ము పెట్టేశారు. ఇవాళ పొద్దున్న ఫోను.

"అమ్మగారూ, కరక్కాయలు దంచి బెల్లం వేశానండి."

"అప్పుడేనా? బాగా వచ్చిందా?"

"వచ్చింది గానీ, వీధిలో చీమలన్నీ మా ఇంటికే వచ్చేశాయండి. మా ఆవిడ డ్రమ్ముని మీ ఇంటికి పంపించేయమంటోంది. ఆటో మాట్లాడమంటారా?"